ఆరు నెలల సావాసం

మన దేశంలో మద్యానికి పూర్తిగా బానిసైన ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందుతోంది. ఆస్పత్రిలో చేరి చికిత్స చేయించుకునేది 180 మందిలో ఒక్కరు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో బయటపెట్టిన లెక్కలివి. 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో మద్యం తాగేవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 14.6 మంది ఉంటే, ఛత్తీస్‌గఢ్‌లో 35.6 మంది ఉన్నారనీ, రాష్ట్రాల జాబితాలో మొదటి పేరు దానిదేననీ అదే సర్వే తేల్చింది.

ఇంతమందికి సరిపడా మానసిక వైద్యులు లేరు, పడకలూ లేవు. రేపటికి వచ్చేలానూ లేవు. ఉన్నదల్లా మరో వనరు. ఒకప్పుడు తాగి, ఇప్పుడు మానేసిన మనుషులు. వాళ్లు వారానికి రెండు మూడుసార్లు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటే జబ్బు నయమవుతుందా? వినడానికి ఇది భజన సంఘం వ్యవహారంలా ఉంటుంది. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం దాన్ని అలాగే చూసింది. ఆ అభిప్రాయం ఎందుకు మారిందో ఈ అధ్యాయంలో చూద్దాం.

షిఫ్టు దిగాక

అప్పారావు అనే మనిషిని ఊహించుకుందాం. తాతది శ్రీకాకుళం జిల్లా. సోవియట్ సాయంతో భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగే ముందే, పని వెతుక్కుంటూ వచ్చి అక్కడే ఉండిపోయాడు. మనవడు అప్పారావుది కాంట్రాక్టు పని, ఖుర్సీపార్‌లో ఇల్లు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి పవర్ హౌస్ మార్కెట్ మీదుగా ఇంటికి పోతాడు. దారిలో మద్యం దుకాణం ఉంది. 2017 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో దుకాణాలు నడుపుతున్నది ప్రభుత్వ సంస్థే అయినా, జనం నోట అది ఇప్పటికీ భట్టీయే. అక్కడ బావమరిది ఎదురవుతాడు. “ఏటి బావా, ఇప్పుడే ఇంటికెళ్లి ఏటి సేస్తావు? ఓ క్వార్టరేసుకుని పోదాం రా.”

అప్పారావు మెదడు ఆ మాటకంటే ముందే పని మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఒకే వేళకి, ఒకే దారిలో, ఒకే మనుషుల మధ్య తాగినవాడికి సీసా మూత తీయకముందే డోపమిన్ విడుదలవుతుంది. షిఫ్టు సైరన్, భట్టీ ముందున్న శనగల బండి, బావమరిది గొంతు, అన్నీ మద్యం రాబోతోందని చెప్పే సంకేతాలే. మెదడు ఈ పాఠాన్ని జ్ఞాపకంగా దాచుకోదు, అలవాటుగా దాచుకుంటుంది. అందుకే పొద్దున్న బిడ్డ మీద ఒట్టేసిన మనిషి మధ్యాహ్నం అదే భట్టీ ముందు నిలబడతాడు. ఒట్టు వేసినప్పుడు అతను అబద్ధమాడలేదు. కాకపోతే ఆ ఒట్టు వేసిన చోట ఈ సంకేతాలేవీ లేవు.

ముందు ఒంటి సంగతి

తోటివాళ్ల దగ్గరికి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. మద్యం మెదడులో గాబా అనే శాంతపరిచే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది, గ్లుటమేట్ అనే ఉత్తేజపరిచే రసాయనాన్ని అణిచిపెడుతుంది. దీనికి అలవాటు పడిన మెదడు తన సొంత ఉత్తేజాన్ని పెంచుకుని సర్దుకుంటుంది. అలాంటప్పుడు మద్యం హఠాత్తుగా ఆగితే ఉత్తేజం ఒక్కటే మిగులుతుంది. ఆరేడు గంటలకు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. ఎక్కడున్నారో తెలియదు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, జ్వరం, గుండె దడ. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఊళ్లలో దీన్ని గాలి సోకడమనీ, మందు మానితే ఒంటికి పడలేదనీ అనుకుని మళ్లీ తాగిస్తారు. నిజానికి కొద్దిరోజులు డాక్టరు పర్యవేక్షణలో క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తే ఈ గండం గడుస్తుంది. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగేవాళ్లు నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

“రోగికి తెలియకుండా కూరలో కలపండి” అని ప్రకటనలిచ్చే పొడుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే అసలైన మందు 1948 నుంచి వాడుకలో ఉంది. అది వేసుకున్నవాడు తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి, ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికి అది కాపలా. పొడిలో అది కలిసి ఉంటే, తెలియకుండా తిన్నవాడికి ఆ సాయంత్రపు క్వార్టరే ప్రాణం మీదికి తేవచ్చు.

వారం పది రోజుల్లో ఆ వణుకూ, చెమటలూ తగ్గుతాయి. డిశ్చార్జి కాగితం చేతికొస్తుంది. అయితే షిఫ్టు, దారి, భట్టీ, బావమరిది ఎక్కడివక్కడే ఉంటాయి. ఇక్కడి నుంచి వైద్యుడు చేయగలిగింది తక్కువ.

దల్లీ రాజహరా పాఠం

మనిషి చుట్టూ ఉన్నదాన్ని మార్చడం ఎలాగో భిలాయి ప్రాంతానికి కొత్తగా నేర్పక్కర్లేదు. భిలాయి కొలుముల్లో కరిగే ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. 1977లో అక్కడి కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. ఆ జూన్‌లో పోలీసు కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. పోరాటం తర్వాత కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి చేరుతోందని యూనియన్ త్వరలోనే గమనించింది.

మైకులో నీతులు చెప్పి ఊరుకోకుండా యూనియన్ ఈ పనిని బస్తీ కమిటీలకు అప్పగించింది. పక్కింటివాళ్లు, కలిసి రాయి కొట్టేవాళ్లే తాగినవాణ్ని పిలిచి నిలదీసేవారు, జరిమానా వేసేవారు. గనుల్లో మగవాళ్లతో సమానంగా పనిచేసే ఆడవాళ్లు ముందు నిలిచారు. సాయంత్రాలకు సభలు, పాటలు, చదువు. కార్మికులు తమ చందాలతో, శ్రమతో 1983లో షహీద్ ఆస్పత్రి నిర్మించుకున్నారు. వేల మంది తాగుడు మానేశారు. సారా కాంట్రాక్టర్లకు ఇది కంటగింపైంది. తర్వాత నియోగి భిలాయి ప్రైవేటు ఫ్యాక్టరీల కార్మికుల్ని కూడగట్టాడు. 1991 సెప్టెంబర్ 28న భిలాయిలోని ఇంట్లో నిద్రలో ఉండగా అతన్ని కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. దేశ కార్మిక చరిత్రలో పవర్ హౌస్ పేరు నిలిచిపోయింది ఆ రోజుతోనే.

అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం తరగతుల్లో కూడబలుక్కుని సారా పాకల్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో నిషేధం సడలింది, దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి.

రెండు చోట్లా పనిచేసింది సమూహ బలమే. రెండింటికీ ఒక పరిమితి ఉంది. పంచాయితీలో నిలబెట్టి జరిమానా వేసే కమిటీ దగ్గరికి, మాని మూణ్నెల్లయ్యాక నిన్న రాత్రి మళ్లీ తాగినవాడు తనంత తానుగా వచ్చి ఆ మాట చెప్పుకోడు. దాచుకుంటాడు. దాచుకున్నవాడు మళ్లీ తాగుతాడు. అతనికి శిక్ష ఉండని చోటు కావాలి.

ఏక్రన్‌లో ఆరు గంటలు

అలాంటి చోటు ఒకటి 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో అనుకోకుండా ఏర్పడింది. న్యూయార్క్ షేర్ మార్కెట్ వ్యాపారి బిల్ విల్సన్ తాగుడు మాని అయిదు నెలలైంది. ఏక్రన్‌లో చేయబోయిన వ్యాపారం బెడిసికొట్టింది. హోటల్ లాబీలో ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను. తనను ఆపగలిగినవాడు తనలాంటి మరో తాగుబోతేనని అతనికి తోచింది. చర్చీలకు ఫోన్లు చేసి అలాంటివాణ్ని చూపించమని అడిగాడు. అలా మే 12న బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనని షరతు పెట్టి వచ్చిన డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు. అప్పటిదాకా అతనికి హితబోధ చేసినవాళ్లంతా తాగుడు గురించి చదివినవాళ్లు, తాగుడువల్ల బాధపడ్డవాళ్లు. తాగి తన బతుకేమైందో చెప్పిన మొదటి మనిషి బిల్. జూన్ 10న బాబ్ చివరిసారి తాగాడు. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అనే సంఘం పుట్టినరోజుగా లెక్కపెడతారు. 1957లో అది బొంబాయికి వచ్చింది.

ఇందులో బిల్ ఉపకారం చేయడానికి వెళ్లలేదన్నది గమనించాలి. తనకోసం వెళ్లాడు. సాయం చేసేవాడికీ పొందేవాడికీ ఒకే మందు దొరుకుతుందన్న ఈ సంగతిని తర్వాత పరిశోధకులు కొలిచి చూశారు. మద్య వ్యసనం మీద అమెరికాలో జరిగిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద అధ్యయనం సమాచారాన్ని 2004లో మరియా పగానో బృందం విశ్లేషించింది. చికిత్స తర్వాతి ఏడాదిలో, కోలుకునే మరొకరికి సాయపడినవాళ్లలో నూటికి 40 మంది మళ్లీ తాగుడులో పడలేదు. సాయపడనివాళ్లలో ఆ సంఖ్య 22.

లెక్కల్లో తేలింది

అయినా సందేహం మిగులుతుంది. మానాలన్న పట్టుదల ఉన్నవాళ్లే మీటింగులకు వెళ్తారేమో, అప్పుడు ఘనత మీటింగుది కాదు, పట్టుదలది. 2006లో వైద్య ఆధారాలను వడపోసే కోక్రేన్ సంస్థ ఎనిమిది ప్రయోగాలను పరిశీలించి, ఈ పద్ధతి మిగతావాటికంటే మెరుగని చెప్పడానికి గట్టి రుజువు లేదంది.

2020లో అదే సంస్థ తరఫున జాన్ కెల్లీ, కీత్ హంఫ్రీస్, మారికా ఫెర్రీ మళ్లీ లెక్క తీశారు. ఈసారి 27 అధ్యయనాలు, 10,565 మంది. వీటిలో చాలా అధ్యయనాల్లో రోగుల్ని చీటీలు వేసినట్టు విడదీసి, కొందరిని ఒక పద్ధతి ప్రకారం ఏఏ మీటింగులకు అలవాటు చేశారు, మిగతావాళ్లకు మనోవైద్యంలో పేరున్న సీబీటీ లాంటి చికిత్సలిచ్చారు. ఇలా విడదీస్తే పట్టుదల ఉన్నవాళ్లు రెండు వైపులా సమానంగా ఉంటారు. ఏడాది తర్వాత చుక్క ముట్టకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 42, రెండో గుంపులో 35. తేడా ఏడే కదా అనిపించవచ్చు. పోల్చింది ఊరికే కూర్చోబెట్టినవాళ్లతో కాదు, శిక్షణ పొందిన నిపుణుల చికిత్సతో. పైగా మీటింగుకు ఫీజు లేదు.

ఇవి ఎక్కువగా అమెరికా లెక్కలు. మన దగ్గర ఇదే మీటింగుల మీద కాకపోయినా, దగ్గరి సంగతి మీద గోవాలో ప్రయోగం జరిగింది. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు కౌన్సెలింగ్‌లో శిక్షణనిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ప్రమాదకరంగా తాగే 377 మంది మగవాళ్ల మీద జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. మూడు నెలల తర్వాత తాగుడు అదుపులోకి వచ్చినవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్లలో నూటికి 26, ఈ కౌన్సెలింగ్ కూడా అందినవాళ్లలో 36. తెల్లకోటు లేని మనిషి మాట పనిచేస్తుందనడానికి మన గడ్డ మీద దొరికిన రుజువది.

మందు ఎక్కడుంది

మీటింగులో పనిచేసేది ఏమిటి? కెల్లీ బృందం దీన్ని విడగొట్టి చూసింది. ప్రార్థన, ఆధ్యాత్మికత కొందరికి, ముఖ్యంగా బాగా ముదిరిన కేసుల్లో ఉపయోగపడ్డాయి. అందరిలోనూ బలంగా కనిపించినవి రెండు. చుట్టూ ఉండే మనుషులు మారడం, తాగమని పిలిచే సందర్భంలో వద్దనగలననే ధీమా పెరగడం.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనకో సామెత ఉంది. దీన్ని మార్క్ లిట్ బృందం అంకెల్లో పట్టుకుంది. కోలుకునే మనిషి పరిచయాల్లో మద్యం ముట్టనివాడు ఒక్కడు అదనంగా చేరితే, మరుసటి ఏడాది అతను తాగకుండా ఉండే అవకాశం 27 శాతం పెరిగినట్టు 2009లో వాళ్లు ప్రకటించారు. మన అప్పారావు బావమరిదిని వదులుకోలేడు, ఇంటి మనిషి. షిఫ్టు మానలేడు, దారి మార్చుకోలేడు. చేయగలిగిందల్లా మానేసినవాళ్లను పరిచయాల్లోకి చేర్చుకోవడం. సాయంత్రం ఏడింటికి మీటింగుకు పోవాలంటే మధ్యాహ్నం తాగకూడదు. మీటింగయ్యాక టీ బండి దగ్గర నిలబడి మాట్లాడుకునే అరగంట, ఒకప్పుడు క్వార్టరు నడిచిన అరగంటకు బదులు.

ఆ గంటలో ఏం జరుగుతుంది

గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. ఒకాయన మొదలుపెడతాడు. పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అంటాడు. ఇంటిపేరు, కులం, హోదా అడగరు. ఒక్కొక్కరు అయిదారు నిమిషాలు తమ సంగతి చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు, ఎదురు వాదించరు. మాట్లాడాలనిపించకపోతే వింటానంటే చాలు. చివర్లో డబ్బా తిరుగుతుంది, వేయగలిగినవాళ్లు ఓ పదో ఇరవయ్యో వేస్తారు. సభ్యత్వానికి కావలసింది ఒకటే, తాగుడు మానాలనే కోరిక. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి వెళ్లాలన్న నియమం గట్టిది. జీతం, పరువు, పిల్లల సంబంధాలు లెక్కచూసుకునే భిలాయి టౌన్‌షిప్ మనిషికి ఇదే పెద్ద భరోసా.

క్లోజ్‌డ్ మీటింగులకు తాగుడు మానాలనుకునేవాళ్లే వెళ్లాలి. ఓపెన్ మీటింగులకు భార్య, తమ్ముడు, ఎవరైనా రావచ్చు. కుటుంబాలకు 1951లో మొదలైన అల్-అనాన్ విడిగా ఉంది. నిన్న తాగారా అని రోజూ నోరు వాసన చూసే ఇల్లాలికి, అది తన డ్యూటీ కాదని చెప్పేది ఆ గది. కొంతకాలం పోయాక, మాని ఏళ్లు గడిచినవాణ్ని ఒకణ్ని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. భట్టీ ముందు కాళ్లు ఆగినప్పుడు ఫోన్ చేయాల్సిన నంబరు అతనిది. “అన్నా, ఇక్కడ నిలబడిపోయాను” అంటే చాలు. “ఫోన్ పెట్టకురా తమ్ముడూ, మాట్లాడుతూ నడు” అంటాడు. తాగాలన్న తహతహ సాధారణంగా కెరటంలా లేచి కాసేపట్లో తగ్గుతుంది. ఆ కాసేపు గడిపేందుకే ఆ ఫోను.

వెతకడం ఎలా

ఏఏ భారత శాఖ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో మీటింగులు వెతకవచ్చు, ఆన్‌లైన్ మీటింగులూ ఉంటాయి. జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. భిలాయివాళ్లు సెక్టార్-9 ఆస్పత్రిలోనో, రాయ్‌పూర్ ఎయిమ్స్‌లోనో మానసిక వైద్య విభాగంలో అడగవచ్చు. తాగుడు ఏ దశలో ఉందో తెలియకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నలు పది ఉన్నాయి. మొత్తం 40 మార్కుల్లో 8 లేదా అంతకుమించి వస్తే జాగ్రత్తపడాలి, 20 లేదా అంతకుమించి వస్తే డాక్టరును కలవాలి.

మీటింగుకూ ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌కూ తేడా గుర్తుంచుకోవాలి. మీటింగులో ఎవరూ అడ్వాన్సు అడగరు, ఎవరినీ బలవంతంగా ఉంచరు. వేలకు వేలు కట్టించుకుని, లోపల ఏం జరుగుతుందో చూడనివ్వని సెంటర్‌ను అనుమానించాల్సిందే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్య వ్యసనానికీ వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం ఆ చట్టం కింద నిషేధం.

నప్పనివాళ్లు, జారినవాళ్లు

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. దైవం మాట వచ్చిన చోట ఇమడలేనివాళ్లు ఉంటారు, మద్యం ముందు తాను అశక్తుణ్నని ఒప్పుకోవడం నచ్చనివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ప్రవర్తన శాస్త్రం ఆధారంగా 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ లాంటి బృందాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మగవాళ్లే నిండిన గదిలో నోరు విప్పలేని ఆడవాళ్లకు మహిళల ఆన్‌లైన్ మీటింగులు మేలు. మనసు కుంగిపోయినవాళ్లకు, చచ్చిపోవాలనిపించేవాళ్లకు మీటింగుతోపాటు వైద్యం తప్పనిసరి. తహతహ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులు డాక్టరు రాస్తే వాడుకోవచ్చు, మీటింగుకు అవి అడ్డు కావు. మొదటి మీటింగు నచ్చకపోతే రెండో చోట, మూడో చోట చూడాలి. గది గదికీ మనుషులు వేరు.

ఇక జారిపడటం. కోక్రేన్ లెక్కలో 42 మంది నిలబడ్డారంటే 58 మంది ఏడాదిలో ఎప్పుడో ఒకసారి తాగారని అర్థం. దీన్ని వైఫల్యమని రాసేసుకుంటే బీపీకీ షుగర్‌కీ కూడా మందుల్లేవనుకోవాలి. వాటిలోనూ అదుపు తప్పుతుంది, మళ్లీ అదుపులోకి తెస్తారు. తాగిన మర్నాడు ఆ గదికి తిరిగి రాగలిగాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. జరిమానా లేని గది అవసరం ఆ రోజే తెలుస్తుంది.

దల్లీ రాజహరా కార్మికులు ఆస్పత్రి కావాలనుకున్నప్పుడు ప్రభుత్వం కట్టేదాకా ఆగలేదు. మీటింగుకు అంత కూడా అక్కర్లేదు. ఒక గది, వారంలో ఒక వేళ, మానాలనుకునే ఇద్దరు ఉంటే మొదలవుతుంది. ఏక్రన్‌లో ఉన్నదీ ఇద్దరే. ఖుర్సీపార్‌లోనో క్యాంప్-2లోనో తెలుగులో మాట్లాడుకునే మీటింగు కావాలంటే, హిందీ మీటింగులో కుదురుకుని నిలబడ్డ ఇద్దరు తెలుగువాళ్లు చాలు. ముప్ఫై ఎనిమిదిలో ఒక్కరన్న లెక్క మారాలంటే ఆస్పత్రులు పెరగాలి, నిజమే. అవి పెరిగేలోపు ఈ లెక్కను మార్చగలిగినవాళ్లు ఇప్పటికే మానేసినవాళ్లు.